తేలినీలాపురం, తేలుకుంచి పక్షులు, బారువ తాబేళ్లు: సంక్రాంతి సెలవుల్లో ఏవి చూడగలం?

గంటస్తంభం (విజయనగరం) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. సంక్రాంతి సెలవుల్లో మా అత్తయ్యగారిని, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని శ్రీకాకుళం జిల్లా తీరం పొడవునా పక్షుల విడిది గ్రామాలను చూసి రావాలని మావారూ నేనూ అనుకుంటున్నాము. తేలినీలాపురం, తేలుకుంచి అనే రెండు పేర్లూ ఎక్కడ చదివినా జంటగానే కనిపిస్తున్నాయి కానీ, ఏ ఊళ్లో ఏ పక్షి గూడు కడుతుందో, ఏ నెలలో వెళితే ఏది కనిపిస్తుందో విడమరిచి చెప్పినవారు నాకు తారసపడలేదు.

అత్తయ్యగారి పుట్టిల్లు సోంపేట వైపు. చిన్నతనంలో చుట్టాల ఇంటికి తేలుకుంచి వెళ్లినప్పుడు చింతచెట్ల నిండా కొంగలు గూళ్లు కట్టుకుని ఉండేవని, వాటిని మనవలకు చూపించాలని ఆమె కోరిక. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె ఎక్కువ దూరం నడవలేరు, మెట్లు ఎక్కలేరు. ఒక్క రోజులో రెండు ఊళ్లూ చూడడం ఆమెతో సాధ్యమేనా?

రెండో సందేహం నాది కాదు, మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడిది. ఈ పక్షులు సైబీరియా నుండి వస్తాయని నేను తరగతిలో చెప్పినప్పుడు, "చలికి తాళలేక ఇక్కడికి వచ్చిన పక్షి ఇక్కడే గుడ్లు పెట్టి, ఇక్కడే పిల్లలను పెంచేస్తే, మళ్లీ సైబీరియా వెళ్లి ఏం చేస్తుంది టీచర్?" అని అడిగాడు. పత్రికల్లోనూ పర్యాటక ప్రకటనల్లోనూ సైబీరియా మాటే ఉంది గనుక వాడికి ఏమని చెప్పాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

వీటితో పాటు బారువ, కళింగపట్నం తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడాన్ని ఆ సెలవుల్లో చూడగలమా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు. మా చిన్నమ్మాయికి పక్షుల కన్నా జంతువుల మీద మోజు ఎక్కువ. దానికి దారిలో ఏదైనా అడవి జంతువు కనిపించే అవకాశం ఉంటే ఆ సంగతి కూడా తెలియజేయగలరు.

టెక్కలి బాట సమాధానం:

టీచర్ గారికి నమస్కారం. తేలినీలాపురం మట్టుకు మీరు ఎంచుకున్న సమయం చాలా మంచిది. టెక్కలి మండలంలోని ఈ ఊరికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చేరుకుని, గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్లిపోతాయి. సంక్రాంతి నాటికి చాలా గూళ్లలో పిల్లలు ఉంటాయి గనుక తల్లిపక్షులు రోజంతా మేత మోస్తూనే ఉంటాయి.

అభయారణ్యం అనే మాట విని కంచె, టికెట్ల గది, లోపల దట్టమైన అడవి ఉంటాయని ఊహించుకుని వచ్చేవారు అక్కడ దిగగానే తికమకపడతారు. అది ఊరు. పక్షులు గూళ్లు కట్టేది ఊరిని ఆనుకుని ఉన్న చింత వంటి పెద్ద చెట్ల మీద. అటవీ శాఖ వారు ఒక వీక్షణ గోపురాన్ని, పక్షుల నమూనాలతో ఒక చిన్న ప్రదర్శనశాలను కట్టారు. అంతకు మించి హంగులు ఆశించకండి. ఆ చెట్ల కింద నెలల తరబడి రెట్టల వాసనను, గూళ్ల నుండి జారిపడే చేపల కంపును భరిస్తూ, అయినా కొమ్మ నరకకుండా ఆ పక్షులను తమ ఊరి శుభంగా భావించి కాపాడుతున్నది ఊరివారే. అందువల్ల అక్కడికి వెళ్లినవారు పర్యాటకుల్లాగా కాక, ఒకరి వీధిలోకి అతిథులుగా వచ్చినట్టు మసలుకోవాలి.

గూడబాతు కింది ముక్కుకు వేలాడే తోలుసంచిని పిల్లలందరూ బొమ్మల్లో చూసే ఉంటారు కానీ, దాని అసలు పని గూటి దగ్గరే తెలుస్తుంది. తల్లి గూటిలో వాలగానే పిల్ల తన తలను, మెడను ఆ నోటిలోకి పూర్తిగా దూర్చి, గొంతులో నుండి అరకొరగా జీర్ణమైన చేపలను లాక్కుని తింటుంది. మొదటిసారి చూసేవారు తల్లి పిల్లను మింగేస్తోందని కంగారుపడతారు. రెక్కలు చాచితే రెండున్నర మీటర్ల దాకా ఉండే ఆ పక్షి చిన్న కొమ్మ మీద ఆచితూచి దిగే తీరు చూడవలసిందే. ఎర్రకాళ్ల కొంగలది మరో పద్ధతి. ఎండ ముదిరిన వేళ పెద్ద కొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు సగం విప్పి, పిల్లల మీద నీడ పడేలా గంటల తరబడి అలాగే ఉంటుంది. వీటికి గొంతు పెద్దగా పలకదు. ముక్కు రెండు భాగాలను టకటకలాడించి మాట్లాడుకుంటాయి. ఊరంతా వినిపించే గోల మాత్రం ఆకలిగొన్న పిల్లలదే.

ఉదయం ఏడు గంటలకల్లా అక్కడ ఉంటే మంచిది. బరువైన పక్షులు కావడం వల్ల గూడబాతులు నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలి ఊతంతో చుట్లు తిరుగుతూ ఎత్తుకు వెళ్లి, అక్కడి నుండి మేత ఉన్న చోటికి జారుతాయి. తొమ్మిది, పది గంటల మధ్య ఆకాశంలో ఆ చుట్లు కనిపిస్తాయి. అవి వెళ్లేది నౌపడ చిత్తడి నేలలకు, చుట్టుపక్కల చెరువులకు, భావనపాడు వైపు ఉప్పుటేర్లకు.

చెట్లను కాపాడితే సరిపోదని 2021 చివరలో, 2022 మొదట్లో తెలిసివచ్చింది. అప్పుడు తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరే ఒక రకం నులిపురుగులే కారణమని అధికారులు భావించారు. చెట్టు ఊరిలో ఉన్నా అన్నం చెరువులో ఉంది గనుక, ఆ చెరువుల నీరు ఎలా ఉందో చూసుకోకుండా పక్షుల సంరక్షణ గురించి మాట్లాడడం అర్థం లేని పని అని నా అభిప్రాయం.

దారి సంగతి. విజయనగరం నుండి జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దాటి టెక్కలి చేరుకుంటే అక్కడి నుండి ఊరు దగ్గరే. రైలులో వచ్చేవారు నౌపడ జంక్షన్‌లో దిగవచ్చు. గుణుపురం వైపు చీలే రైలు మార్గం అక్కడే మొదలవుతుంది. 1900లో పర్లాకిమిడి దాకా నడిచిన పాత చిన్న రైలు దారి అదే. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి మీకు కారే మేలు.

నీటిపక్షి సమాధానం:

టీచర్ గారూ, మీ విద్యార్థి అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉంది. ఆ అబ్బాయికి నా అభినందనలు చెప్పండి. చలికాలం గడపడానికి మన దేశానికి వచ్చే ఉత్తరాది పక్షులు ఇక్కడ గూళ్లు కట్టవు. అవి వేసవిలో తమ సొంత ప్రాంతానికి తిరిగి వెళ్లి అక్కడే పిల్లలను కంటాయి. ఇక్కడ గూడు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు ఎగరడం నేర్పే పక్షికి ఇదే పుట్టిల్లు. తేలినీలాపురానికి వచ్చే గూడబాతు భారతదేశం, శ్రీలంక, కంబోడియా వంటి దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షి. సైబీరియాలో దాని జాడే లేదు. ఎర్రకాళ్ల కొంగా అంతే, తేలుకుంచి కొంగా అంతే. పులికాట్ దగ్గరి నేలపట్టులో, గుంటూరు పక్కన ఉప్పలపాడులో, కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో గూళ్లు కట్టేవి కూడా ఇదే జాతి గూడబాతులు. ఇవి నీరు, చేప ఎక్కడ ఉంటే అక్కడికి దేశంలోపలే తిరుగుతుంటాయి. ఏడాదిలో కొన్ని నెలలు కనబడకుండా పోయి మళ్లీ రావడం చూసి దూరదేశపు అతిథులని మనవాళ్లు అనుకున్నారు. ఆ మాట ఒకరి నుండి ఒకరికి పాకి ప్రకటనల దాకా వెళ్లింది.

మరి సైబీరియా పక్షులు మన జిల్లాకు రావా అంటే, వస్తాయి. కానీ వాటిని చూడడానికి ఎవరూ బండి ఆపరు. నౌపడ ఉప్పు మడుల గట్ల పక్కన, చీలమండ లోతు నీటిలో, నేల రంగులో కలిసిపోయి పరుగులు తీస్తూ బురదను పొడుచుకునే చిన్న చిన్న ఉల్లంకుల్లో లిటిల్ స్టింట్ అనే పిట్ట ఒకటి ఉంటుంది. పిచ్చుక కన్నా పెద్దగా ఏమీ ఉండదు. అది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న మంచు మైదానాల్లో. ముక్కు చివర కిందికి వంగి ఉండే కర్ల్యూ శాండ్‌పైపర్, వీపు మీద బంగారు చుక్కలుండే పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ కూడా సైబీరియా ఉత్తరపు అంచుల్లో పుట్టి మన తీరాలకు వచ్చేవే. భావనపాడు రేవు దగ్గర పడవల చుట్టూ తిరిగే గోధుమరంగు తల సముద్రపు కాకులు లడాఖ్, టిబెట్ పీఠభూముల సరస్సుల దగ్గర గూళ్లు కడతాయి. చలికాలంలో వాటి తల తెల్లబడి, కంటి వెనక ఒక మచ్చ మాత్రమే మిగులుతుంది గనుక పేరును బట్టి వెతికితే దొరకవు. ఇంత చిన్న పిట్టలు అంత దూరం నుండి వస్తున్నాయని చెబితే మీ తరగతిలో గూడబాతుల కన్నా వీటికే ఎక్కువ చప్పట్లు పడతాయి.

ఉప్పు మడుల దగ్గరికి సముద్రం పోటు మీద ఉన్న వేళకు వెళ్లండి. ఆటు సమయంలో ఈ పిట్టలు ఉప్పుటేరు పక్కన బయటపడిన బురదమీద దూరదూరంగా చెదిరి ఉంటాయి. పోటుకు ఆ బురద మునిగిపోతే మడుల్లోకి, గట్ల మీదికి గుంపులుగా చేరతాయి.

ఇక అత్తయ్యగారి కోరిక విషయం. దయచేసి ఆమెను సంక్రాంతికి తేలుకుంచి తీసుకువెళ్లకండి. అక్కడ ఖాళీ చెట్లు చూసి బాధపడతారు. ఇచ్ఛాపురం మండలంలోని ఆ ఊరికి వచ్చేవి ఓపెన్‌బిల్ కొంగలు. అవి తొలకరితో, అంటే జూన్‌లో వచ్చి, నవంబరు, డిసెంబరు నాటికి వెళ్లిపోతాయి. కొంగలు వాలితే వానలు దగ్గరపడ్డాయని ఆ ఊరివారి నమ్మకం, దానికి తగిన కారణమూ ఉంది.

రెండు ఊళ్ల పక్షులకూ నెలలు ఎందుకు కలవవో మీరు తరగతిలో చెప్పడానికి పనికివస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఏ పక్షి అయినా తన పిల్లల ఆకలి ఎక్కువగా ఉండే రోజులు, మేత సులువుగా దొరికే రోజులు ఒకటయ్యేలా గూడు కట్టుకుంటుంది. ఓపెన్‌బిల్ కొంగ ముఖ్యమైన ఆహారం నత్త. వానలు పడి పొలాలు నిండి, వరి నాట్లు మొదలైతే నేలలో దాగిన నత్తలు బయటికి వస్తాయి. అందుకే దానికి జూన్, జూలై కావాలి. గూడబాతుకు, ఎర్రకాళ్ల కొంగకు చేపలు కావాలి. వానలతో నిండిన చెరువులు, తంపరలు (నీరు నిలిచే పల్లపు చిత్తడి నేలలు) శీతాకాలంలో మెల్లగా తగ్గుతూ వస్తే చేపలు తక్కువ నీటిలో ఒకచోటికి చేరతాయి. ఎర్రకాళ్ల కొంగ కంటితో చూసి కాక, తెరిచిన ముక్కును నీటిలో అటూ ఇటూ ఆడిస్తూ తగిలిన చేపను పట్టుకుంటుంది గనుక దానికి లోతు తక్కువగా ఉండడం మరీ అవసరం.

ఓపెన్‌బిల్ ముక్కు మూసినా నడుమ ఒక సందు మిగులుతుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, వయసుతో ఏర్పడుతుంది. కొంగ ఆ సందులో నత్తను ఇరికించి అడకత్తెరలో పోకచెక్కలా పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు కానీ, అది గుల్లను సాధారణంగా పగలగొట్టదు. కింది ముక్కు మొనను లోపలికి పోనిచ్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని తెంచి, మాంసాన్ని బయటికి లాగుతుంది. కొంగలున్న ఊరి పొలాల్లో ఖాళీ గుల్లలు పడి ఉంటే ఒకటి ఏరుకుని పిల్లలకు చూపించండి.

గంటస్తంభం (విజయనగరం):

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. మా విద్యార్థికి మీ జవాబును చదివి వినిపిస్తాను. అత్తయ్యగారితో మాట్లాడాను. చిన్నతనంలో తాను వెళ్లినది వేసవి సెలవుల చివరన, బడులు తెరిచే ముందు అని ఆమెకు కూడా గుర్తుకు వచ్చింది, కాబట్టి లెక్క సరిపోయింది. తేలుకుంచిని వచ్చే జూలైకి వాయిదా వేసి, సంక్రాంతికి తేలినీలాపురం, నౌపడ ఉప్పు మడులు, వీలైతే ఒక రాత్రి బారువ అని నిర్ణయించుకున్నాము. తాబేళ్ల గురించి, జంతువుల గురించి ఎవరైనా చెబితే బాగుంటుంది. మంచి దుర్భిణి ఏది కొనాలో కూడా చెప్పగలరు.

బారువ తీరం సమాధానం:

అమ్మా, తాబేళ్ల విషయంలో ముందే ఒక నిజం చెప్పాలి. తల్లి తాబేలు గుడ్లు పెట్టడాన్ని చూడాలని వచ్చేవారిలో ఎక్కువమంది చూడకుండానే తిరిగి వెళతారు. మన తీరంలో అవి జనవరి నుండి మార్చి దాకా రాత్రివేళ ఒంటరిగా ఒడ్డెక్కుతాయి. ఒడిశాలోని ఋషికుల్య నదీముఖంలో, గహిర్మాతాలో వేలకు వేలు ఒకేసారి వచ్చే సామూహిక దృశ్యం మన దగ్గర ఉండదు. సంక్రాంతి నాటికి కాలం అప్పుడే మొదలై ఉంటుంది. ఏ రాత్రి, ఏ చోట, ఏ వేళకు వస్తుందో చెప్పడం కుదరదు, పైగా ఇసుకలో మైళ్ల దూరం నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో, చిన్నపిల్లతో ఆ పని నేను సలహా ఇవ్వను.

మీరు చూడగలిగేది, పిల్లలు జన్మలో మరచిపోనిది వేరే ఉంది. గుడ్లు పెట్టిన నలభై అయిదు నుండి అరవై రోజులకు పిల్లలు పొదుగుతాయి. కుక్కలు, నక్కలు గుంటలు తవ్వి గుడ్లు తినేయకుండా అటవీ శాఖ వారు, స్వచ్ఛంద సంస్థలవారు, వారితో పనిచేసే మత్స్యకార యువకులు తెల్లవారకముందే తీరమంతా తిరిగి, అడుగుజాడలను బట్టి గూళ్లను కనిపెట్టి, గుడ్లను కంచె వేసిన ఇసుక పొదుగు కేంద్రాలకు మారుస్తారు. అక్కడ పొదిగిన పిల్లలను మార్చి, ఏప్రిల్ నెలల్లో వేకువజామున సముద్రంలోకి వదులుతారు. ముందుగా అటవీ శాఖ వారిని అడిగి వెళితే దూరంగా నిలబడి చూడనిస్తారు. ఒడ్డు దాకా కారు వెళ్లే చోట అయితే అత్తయ్యగారు కూడా చూడగలరు.

అప్పుడు పిల్లలను చేతుల్లోకి తీసుకుని నీళ్లలో వదిలి ఫొటో దిగాలని అందరికీ ఉంటుంది. అది కూడదు. పిల్ల తనంతట తాను ఇసుక మీద పాకుతూ కెరటాన్ని చేరుకోవాలి. ఏళ్ల తరువాత ఆడ తాబేలు తాను పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తుంది, ఆ తీరపు గురుతు ఆ మొదటి ప్రయాణంలోనే దానికి పడుతుందని శాస్త్రజ్ఞుల భావన. సెల్‌ఫోన్ దీపం అసలు వెయ్యకూడదు. పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న వైపుకు పోతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశానిది, మనం దీపాలు వేస్తే అది ఊరిది అవుతుంది. తల్లి తాబేలు ఎక్కుతుండగా దీపం పడితే గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది.

జీవశాస్త్రం చెప్పే వారు గనుక మరో సంగతి. తాబేలు పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది గూటిలోని ఇసుక వేడి. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. అందుకే కొన్ని పొదుగు కేంద్రాల మీద నీడ కోసం పందిరి వేస్తారు.

తీరం మీద నడుస్తున్నప్పుడు చచ్చిన తాబేళ్లు కూడా కనిపించవచ్చు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. వలలో నుండి తాబేలు బయటపడేందుకు ఒక తలుపు లాంటి అమరిక ఉన్నా, దాని గుండా చేపలు కూడా పోతాయన్న భయంతో చాలామంది బిగించుకోరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కానీ, తాబేళ్లు ఒడ్డుకు దగ్గరగా మసలే జనవరి, ఫిబ్రవరి నెలలు దానికి ముందే వస్తాయి. మత్స్యకారులను తప్పుపట్టడం సులువు. నాటుపడవ మీద చిన్న వల వేసుకునేవారికి, పెద్ద ట్రాలర్లకు మధ్య తేడా చూడకుండా మాట్లాడితే మాత్రం అన్యాయమవుతుంది. తీరంలో తాబేళ్ల గుడ్లను కాపలా కాసేది కూడా ఆ ఇళ్ల పిల్లలే.

ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్డు తాకినా, తీసుకువెళ్లినా నేరం అన్న సంగతి మీ విద్యార్థులకు చెప్పండి.

ఉద్దానం కొబ్బరి సమాధానం:

అడవి జంతువులు కనిపించాలని మీ పాప కోరుకుంటోంది కానీ, మా ఉద్దానంలో అవి కనిపించకూడదని మేము మొక్కుకుంటాము. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి మండలాల జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. జీడి పండ్లు, పనస పండ్లు దొరికే కాలంలో మరీ ఎక్కువ. 2022 జూన్‌లో కిడిసింగి ప్రాంతంలో ఎలుగుబంటి దాడి చేసి ఒకరి ప్రాణం తీసింది, ఇంకొందరిని గాయపరిచింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అలా పడి ఉన్న తోటల్లో పెరిగిన తుప్పలు వాటికి దాగేందుకు వీలుగా ఉన్నాయని పెద్దలు అంటారు. కాబట్టి పలాస, సోంపేట మధ్య దారి పక్కన తోట అందంగా కనిపించిందని తెల్లవారుజామునగానీ, పొద్దుగూకాకగానీ పిల్లలను లోపలికి పంపవద్దు. పగటి పూట రోడ్డు మీద ప్రయాణానికి ఏ భయమూ లేదు.

పాపకు భద్రంగా చూపదగినవి కూడా ఉన్నాయి. సముద్రపు ఒడ్డున ఎర్ర పీతలు బొరియల్లోంచి తలలు పెట్టి చూస్తుంటాయి, మనం కదలకుండా కూర్చుంటే ఇసుక అంతా ఎర్రబడేటట్టు బయటికి వస్తాయి. నౌపడ వైపు సాయంత్రం పూట నక్కలు, ముంగిసలు తరచు కనబడతాయి. ఇంకా ముందుకు వెళ్లే ఓపిక ఉంటే, గంజాం జిల్లాలోని భేట్నై, బాలిపదర్ చుట్టుపక్కల పొలాల్లో కృష్ణజింకలు మంద మందలుగా మేస్తాయి. అక్కడివారు వాటిని తరతరాలుగా ముట్టుకోకుండా కాపాడుతున్నారు. ఇచ్ఛాపురం దాటాక బరంపురం మీదుగా వెళ్లాలి; కానీ దానికి వేరే రోజు కేటాయించుకోవాలి.

నీటిపక్షి సమాధానం:

దుర్భిణి గురించి అడిగారు. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, నలభై రెండు మిల్లీమీటర్ల కటకాలున్న 8×42 రకం కొనండి. పది రెట్లది కొంటే ఇంకా బాగా కనిపిస్తుందని దుకాణంలో చెబుతారు కానీ, పిల్లల చేతిలో అది వణికిపోతుంది, చూడదగిన మేర కూడా చిన్నదవుతుంది. తేలినీలాపురంలో చెట్లు దగ్గరే ఉంటాయి గనుక దుర్భిణి లేకపోయినా నష్టం లేదు; నౌపడ ఉప్పు మడుల దగ్గర మాత్రం అది లేకపోతే ఆ చిన్న పిట్టలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఉప్పు మడులు పనిచేసేవారి జీవనాధారం కాబట్టి, వారిని అడిగి గట్ల మీద ఒకరి వెనక ఒకరు నడవండి. గట్టు తెగితే ఎన్నో రోజుల ఉప్పు కరిగిపోతుంది.

డ్రోన్ తీసుకువెళ్లే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోమనండి. గద్ద వచ్చిందనుకుని పెద్ద పక్షులు ఒక్కసారిగా లేచిపోతాయి, ఆ తొక్కిసలాటలో పిల్లలు గూటి నుండి పడిపోతాయి. నేల మీద పడిన పిల్లకు తల్లి తిరిగి మేత పెట్టదు. అటువంటి పిల్ల కనిపిస్తే మీరు చేతుల్లోకి ఎత్తుకోకుండా అక్కడి కాపలాదారుకు చెప్పండి. గూడబాతు పిల్ల ముక్కు చివర కొక్కెంలా వంగి ఉంటుంది, పట్టుకుంటే చేయి గీసుకుపోతుంది కూడా.

గంటస్తంభం (విజయనగరం):

అన్ని సందేహాలూ తీరాయి, ఒక్కటి తప్ప. తేలినీలాపురంలో గోపురం ఎక్కలేని అత్తయ్యగారు పక్షులను ఎక్కడ నుండి చూడగలరు? కారు ఎక్కడి దాకా వెళుతుంది?

టెక్కలి బాట సమాధానం:

టీచర్ గారూ, ఆమె గోపురం ఎక్కనక్కరలేదు. కారు ఊరిలోకే వెళుతుంది. గూళ్లున్న చెట్లు దారి నుండే కనిపిస్తాయి కాబట్టి ఒక మడత కుర్చీ తెచ్చుకుని, ఊరివారిని అడిగి ఏ ఇంటి ముందైనా నీడలో కూర్చుంటే, గోపురం ఎక్కినవారి కన్నా ఆమెకే ఎక్కువసేపు, ఎక్కువ తీరికగా కనిపిస్తాయి. నాకు తెలిసిన పెద్దవారు చాలామంది ఆ ఊరి ఆడవాళ్లతో మాటల్లో పడి, బయలుదేరమంటే రానన్నారు. తెల్లని చీర కట్టుకోవద్దని, ఒక గొడుగు దగ్గర ఉంచుకోమని మాత్రం చెప్పండి. కారును ఎట్టి పరిస్థితుల్లోనూ చెట్ల కింద నిలపకండి. చేపలు తిన్న పక్షి రెట్ట ఎండకు గట్టిపడితే ఎంత కడిగినా రంగు మీద మరక పోదు. ఊరి బయట విశాలమైన చోటు ఉంటుంది. అక్కడ ఆమెను దించిన తరువాత బండిని వెనక్కి తీసుకువెళ్లి పెట్టుకోండి.